హెచ్‌డీఆర్ ఫొటోలు మొదలుపెట్టేవారికి: బీచ్ రోడ్డు మీద బ్రాకెటింగ్ నుంచి కంప్యూటర్‌లో మెర్జ్ దాకా

విశాఖ ఆర్కే బీచ్‌లో సూర్యోదయం ఫొటో తీసిన ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే ఇబ్బందే ఇది. ఆకాశం రంగులు బాగా వచ్చాయంటే ఒడ్డున ఉన్నవన్నీ నల్లగా ముద్దయిపోతాయి. ఒడ్డు కనిపించేలా తీస్తే ఆకాశం తెల్లగా పాలిపోతుంది. హెచ్‌డీఆర్ (హై డైనమిక్ రేంజ్), అంటే ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుగుల్లో తీసి ఒకే ఫొటోగా కలపడంతో ఇది తీరుతుందని విని, ఏదో సాఫ్ట్‌వేర్ దించుకుని, మూడు ఫొటోలు అందులో వేసి బటన్ నొక్కితే కొత్త తలనొప్పి మొదలవుతుంది. మేఘాలు బూడిద రంగులోకి తిరుగుతాయి, కొండల చుట్టూ తెల్లటి అంచు వస్తుంది, రంగులు కళ్లు చెదిరేలా ఉంటాయి. మొదటి నుంచి వరుసగా చెప్పమని చాలామంది అడుగుతున్నారు. అందుకే ఈ వివరమంతా.

హెచ్‌డీఆర్‌లో అసలు పని తీసే చోటే జరుగుతుంది. బాగా వెలుగున్న చోటి వివరం ఒక ఫైలులో, నీడలోని వివరం ఇంకో ఫైలులో పదిలంగా ఉంటే సాఫ్ట్‌వేర్ వాటిని కలుపుతుంది. ఏ ఫైలులోనూ లేని వివరాన్ని ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు. అందుకే ఇక్కడ సగం పైగా కెమెరా దగ్గరి పని గురించే ఉంటుంది.

1. ఈ దృశ్యానికి హెచ్‌డీఆర్ అవసరమా?

వెలుగును స్టాపుల్లో లెక్కిస్తాం. ఒక స్టాపు పెరిగిందంటే వెలుగు రెట్టింపు అయినట్టు. ఇప్పటి డీఎస్‌ఎల్‌ఆర్, మిర్రర్‌లెస్ కెమెరాల సెన్సర్లు తక్కువ ఐఎస్‌ఓలో (వెలుగుకు సెన్సర్ సున్నితత్వపు సెట్టింగు) సుమారు 12 నుంచి 14 స్టాపుల దాకా పట్టుకుంటాయి. సూర్యుడు ఫ్రేములో ఉండి, ముందు నీడలో ఏదైనా ఉంటే ఆ తేడా ఈ హద్దు దాటిపోతుంది. అప్పుడే ఒకే చోటు నుంచి వేర్వేరు ఎక్స్‌పోజర్లతో, అంటే వెలుగు కొలతలతో, కొన్ని ఫ్రేములు తీసి కలపాలి. ఇలా తీయడమే బ్రాకెటింగ్.

హద్దు దాటిందా లేదా అన్నది హిస్టోగ్రామ్ చెబుతుంది. ఫొటోలో వెలుగు ఎంతెంత ఉందో కెమెరా తెర మీద చూపే గ్రాఫ్ అది, ఎడమ చివర నలుపు, కుడి చివర తెలుపు. ఒక ఫొటో తీసి చూడండి. గ్రాఫ్ కుడి గోడకు, ఎడమ గోడకు రెండింటికీ అతుక్కుని ఉంటే హెచ్‌డీఆర్ కావాలి. రెండు వైపులా ఖాళీ ఉంటే ఒక్క రా ఫైలు (సెన్సర్ పట్టిన వివరాన్నంతా ఉంచే ఫైలు) చాలు.

విశాఖలో, చుట్టుపక్కల హెచ్‌డీఆర్ పనికొచ్చే చోట్లు:
- తెల్లవారుజామున బీచ్ రోడ్డు నుంచి సముద్రం వైపు, ముందు ఏదైనా నల్లటి వస్తువు ఉన్నప్పుడు
- సాయంత్రం కైలాసగిరి మీద నుంచి నగరం వైపు, సూర్యుడు పడమటి కొండల వెనక్కి దిగుతున్నప్పుడు
- బొర్రా గుహల లోపలి నుంచి బయటి వెలుగు కనిపించే చోట
- సముద్రం కనిపించే కిటికీ ఉన్న గది లోపల

పనికిరాని సందర్భాలు కూడా ఉన్నాయి. మబ్బు కమ్మి వెలుగు అంతటా ఒకేలా ఉంటే బ్రాకెటింగ్ దండగ. సూర్యుడు మీ వీపు వెనక ఉంటే సాధారణంగా ఒక్క ఫ్రేము సరిపోతుంది. వల లాగుతున్న జాలరులు నల్లటి ఆకారాలుగా కనిపించడమే అందమైతే ఆ నీడను అలాగే ఉంచండి. నీడ కనబడిన ప్రతిచోటా వెలుగు నింపాలనే తొందర వల్లే చాలా ఫొటోలు చప్పగా తయారవుతున్నాయి.

2. సామగ్రి

- షట్టర్ స్పీడ్ (వెలుగు పడే సమయం), అపెర్చర్ (లెన్స్ రంధ్రం సైజు), ఐఎస్‌ఓ చేత్తో మార్చుకోగల కెమెరా
- గట్టి ట్రైపాడ్. మధ్య కర్ర ఎత్తకుండానే మీ ఛాతీ ఎత్తుకు వస్తే చాలు
- రిమోట్, లేకపోతే 2 సెకన్ల సెల్ఫ్ టైమర్
- ఖాళీగా ఉన్న మెమరీ కార్డు. 24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక్కో రా ఫైలు 20 నుంచి 30 ఎంబీ దాకా ఉంటుంది, ఒక్కో దృశ్యానికి మూడు నుంచి ఐదు ఫైళ్లు పడతాయి
- గాలి కొట్టే బ్లోయర్, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు
- చిన్న టార్చ్

గుడ్డలు రెండు ఎందుకంటే, మన తీరంలో ఉప్పు తుంపర లెన్స్ మీద పడుతూనే ఉంటుంది. ఒక గుడ్డ తడిసి జిడ్డయ్యాక దానితో తుడిస్తే మరక ఇంకా పరుచుకుంటుంది. ముందు బ్లోయర్‌తో ఇసుక రేణువులు ఊదేయండి, ఆ తర్వాతే గుడ్డ పెట్టండి. రేణువు మీద రుద్దితే లెన్స్ పూతకు గీత పడుతుంది.

ఉక్కపోత గురించి కూడా చెప్పాలి. రాత్రంతా ఏసీ గదిలో ఉన్న కెమెరాను తెల్లవారి నేరుగా బీచ్‌కు తెచ్చి బ్యాగు తీస్తే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. తుడిచిన మరుక్షణం మళ్లీ పడుతుంది. కెమెరా బ్యాగును రాత్రే ఏసీ లేని గదిలో పెట్టండి. కుదరకపోతే అరగంట ముందే వచ్చి, జిప్ తీయకుండా బ్యాగును బయటి గాలిలో ఉంచండి. సూర్యోదయానికి ముందు వచ్చే ఎర్రటి వెలుగు ఎక్కువసేపు ఉండదు. ఆ కొద్ది నిమిషాలు లెన్స్ తుడుచుకోవడంలోనే పోతే చాలా బాధగా ఉంటుంది.

3. ఇంటి దగ్గరే చేసుకోవాల్సిన కెమెరా సెట్టింగులు

చీకట్లో బీచ్‌లో నిలబడి మెనూలు వెతక్కుండా ఇవన్నీ ముందు రాత్రే పెట్టుకోండి.

- ఫైలు రకం: రా. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ రాలో 16,384 ఉంటాయి. నీడలు ఎత్తినప్పుడు ఆ తేడా తెలుస్తుంది.
- మోడ్: మాన్యువల్.
- ఐఎస్‌ఓ: 100. ఆటో ఐఎస్‌ఓ తప్పకుండా ఆపండి. అది ఆన్‌లో ఉంటే బ్రాకెటింగ్ చేసేటప్పుడు కెమెరా తనంతట తాను ఐఎస్‌ఓ మార్చేస్తుంది.
- అపెర్చర్: ఎఫ్8 దగ్గర. సెట్ మొత్తం అదే ఉండాలి. ఫ్రేముల మధ్య అపెర్చర్ మారితే ఫోకస్ లోతు మారిపోయి ఫ్రేములు ఒకదానితో ఒకటి కలవవు. మారాల్సింది షట్టర్ స్పీడ్ ఒక్కటే.
- వైట్ బ్యాలెన్స్: డేలైట్. ఆటోలో వదిలేస్తే ఒక్కో ఫ్రేము ఒక్కో రంగులో రావచ్చు.
- పిక్చర్ స్టైల్: న్యూట్రల్. కెమెరా తెర మీద హిస్టోగ్రామ్ జేపెగ్ ప్రివ్యూ నుంచి వస్తుంది. వివిడ్‌లో ఉంటే లేని క్లిప్పింగ్ (వివరం పూర్తిగా తెలుపులోనో నలుపులోనో పోవడం) చూపిస్తుంది.
- యాక్టివ్ డి-లైటింగ్, ఆటో లైటింగ్ ఆప్టిమైజర్ లాంటివి (కెమెరా తానే నీడల వెలుగు సర్దేవి): ఆఫ్.
- లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్: ఆఫ్. లేకపోతే నిదానంగా తీసిన ఒక్కో ఫ్రేము తర్వాత కెమెరా ఆగిపోతుంది, ఈలోపు మేఘం జరిగిపోతుంది.
- ట్రైపాడ్ మీద లెన్స్ స్టెబిలైజేషన్: ఆఫ్.

ఇక బ్రాకెటింగ్. మెనూలో ఏఈబీ (ఆటో ఎక్స్‌పోజర్ బ్రాకెటింగ్) అనో, బ్రాకెటింగ్ అనో ఉంటుంది. మూడు ఫ్రేములు, మధ్య తేడా 2 స్టాపులు పెట్టండి. కానన్ 1500డీలో ఏఈబీతో పాటు సెల్ఫ్ టైమర్ పెడితే ఒక్క నొక్కుతో మూడూ వరుసగా పడతాయి. నికాన్‌లో బ్రాకెటింగ్ ఉన్న మోడళ్లలో కంటిన్యువస్ మోడ్‌లో పెట్టి, మూడూ పూర్తయ్యే దాకా రిమోట్ బటన్ నొక్కి ఉంచండి.

నికాన్ డీ3500 లాంటి వాటిలో ఆటో బ్రాకెటింగ్ లేదు. దిగులు పడక్కర్లేదు. మాన్యువల్‌లో షట్టర్ స్పీడ్ డయల్ ఒక్కో క్లిక్‌కు 1/3 స్టాపు జరుగుతుంది. ఆరు క్లిక్కులు తిప్పితే 2 స్టాపులు. ట్రైపాడ్ కదలకుండా మెల్లగా తిప్పడం అలవాటు చేసుకుంటే చాలు.

4. మొదటి సాధన ఇంట్లో కిటికీ దగ్గర

నేరుగా బీచ్‌కు పరిగెత్తకండి. అక్కడ అలలు, గాలి, జనం, మారిపోయే వెలుగు అన్నీ ఒకేసారి మీద పడతాయి. మీ హాలు కిటికీ ఏదీ కదలదు, వెలుగూ తొందరగా మారదు.

పగలు 10 గంటలకు లైట్లు, ఫ్యాను ఆపేసి గది మూల నుంచి కిటికీ కనిపించేలా ట్రైపాడ్ పెట్టండి. గదిలో సోఫా కింద నీడ, కిటికీ బయట ఎదురింటి తెల్ల గోడ, ఈ రెండింటినీ పట్టుకోవాలి.

- లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద చూస్తూ) సోఫా అంచు మీద ఫోకస్ చేసి, లెన్స్ మీటను మాన్యువల్‌కు మార్చండి.
- కెమెరాలోని వెలుగు మీటరు సున్నా దగ్గరికి వచ్చేలా షట్టర్ స్పీడ్ సర్ది, మూడు ఫ్రేములు తీయండి.
- చీకటి ఫ్రేము హిస్టోగ్రామ్ చూడండి. కుడి గోడకు తాకకూడదు. తాకితే ఇంకా వేగంగా మరో ఫ్రేము తీయండి.
- వెలుగు ఫ్రేము చూడండి. ఎడమ గోడకు తాకకూడదు. తాకితే ఇంకా నిదానంగా మరో ఫ్రేము తీయండి.

ఈ రెండు గోడల పరీక్షే హెచ్‌డీఆర్ చిత్రీకరణకు ఆయువుపట్టు. ఎన్ని ఫ్రేములు తీయాలి అన్న ప్రశ్నకు జవాబు కూడా అదే. ఒకచోట మూడు సరిపోతాయి, ఇంకోచోట ఐదు పడతాయి. సంఖ్యను మీరు ముందే నిర్ణయించుకోకండి.

బీచ్ రోడ్డు ఫ్లాట్లు, హోమ్‌స్టేలు అద్దెకిచ్చేవాళ్లు ఫొటోల కోసం అడిగేది సరిగ్గా ఇలాంటిదే: గదీ కనిపించాలి, కిటికీలో సముద్రమూ కనిపించాలి. ఈ సాధన వృథా పోదు.

5. సూర్యోదయం తీసే వరుస

ఉదాహరణకు బీచ్ రోడ్డు మీద మ్యూజియంగా ఉంచిన కురుసుర సబ్‌మెరైన్ (జలాంతర్గామి) తీసుకుందాం. రోడ్డు వైపు నుంచి చూస్తే నల్లటి ఉక్కు దేహం, దాని వెనక సముద్రం మీద తెల్లారే ఆకాశం. ఒక్క ఫ్రేములో ఇమడని తేడా ఇది.

సమయం. జూన్ మొదటి వారంలో ఇక్కడ పొద్దు 5.20 ప్రాంతంలో పొడుస్తుంది, జనవరి నడిమికి 6.30 ప్రాంతంలో. అరగంట నుంచి 40 నిమిషాలు ముందుండండి. ఎండాకాలంలో సూర్యుడు ఈశాన్యం వైపు, చలికాలంలో ఆగ్నేయం వైపు లేస్తాడు. కాబట్టి డిసెంబరులో బాగా కుదిరిన చోటు మేలో కుదరకపోవచ్చు. వెళ్లే ముందు రోజు సూర్యుడి దిక్కు చూపే యాప్‌లో చూసుకోండి.

చోటు. రోడ్డు పక్క ఫుట్‌పాత్ మీద జనానికి అడ్డం కాకుండా నిలబడండి. ఇసుకలో పెట్టాల్సి వస్తే ట్రైపాడ్ కాళ్లను బెత్తెడు లోతు దించి, పైనుంచి నొక్కి చూశాకే కెమెరా ఎక్కించండి. అల వచ్చే చోట అయితే నీరు వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుక తోడేస్తుంది. ఒక్కో సెట్ మధ్య ఫ్రేము అంచులు సరిచూసుకోవాలి.

విశాఖ తూర్పు నౌకాదళానికి ప్రధాన కేంద్రం. ఫొటోలు నిషేధం అని బోర్డు ఉన్న ప్రాంతాల్లో, డాక్‌యార్డ్, నేవీ స్థావరాల దగ్గర కెమెరా బయటికి తీయొద్దు. మ్యూజియం లోపల ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా అనుమతి అడగండి.

ఇప్పుడు తీయడం:

- ఫ్రేము కూర్చండి, హొరైజన్ లెవెల్ చేయండి.
- చీకట్లో ఆటో ఫోకస్ పట్టకపోతే సబ్‌మెరైన్ అంచు మీద టార్చ్ వేయడం కన్నా, దూరంగా వెలుగుతున్న దీపం మీద లైవ్ వ్యూలో పెద్దదిగా చేసి చేత్తో ఫోకస్ చేయడం మంచిది.
- బేస్ ఎక్స్‌పోజర్ (మధ్య ఫ్రేముది) పెట్టండి. ఎఫ్8, ఐఎస్‌ఓ 100 దగ్గర 1/60 వచ్చిందనుకుందాం.
- 2 స్టాపుల తేడాతో మూడు ఫ్రేములు: 1/250, 1/60, 1/15.
- రెండు గోడల పరీక్ష చేయండి. 1/250 ఫ్రేములో సూర్యుడి పక్క మేఘం ఇంకా తెల్లగా పోయిందంటే 1/1000 చేర్చండి. 1/15లో సబ్‌మెరైన్ దేహం ఇంకా ఎడమ గోడకు అతుక్కుని ఉంటే 1/4 చేర్చండి.

నేరుగా కనిపించే సూర్యబింబంలో వివరం కోసం తాపత్రయపడొద్దు. కంటికీ అది తెల్లగానే ఉంటుంది, ఫొటోలోనూ అలాగే ఉండనివ్వండి. దాని చుట్టూ ఉన్న మేఘం నిలిస్తే చాలు. పొద్దు పైకి వచ్చాక జూమ్ లెన్స్‌తో ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి చూడకండి, కంటికి శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు. లైవ్ వ్యూ వాడండి.

ప్రతి సెట్ అయ్యాక లెన్స్ ముందు అరచేయి పెట్టి ఒక ఫొటో తీయండి. ఇంటికొచ్చాక వందల కొద్దీ ఒకేలాంటి ఫైళ్లలో ఏ సెట్ ఎక్కడ మొదలైందో ఆ చేతి ఫొటోలే చెబుతాయి.

వెలుగు మారుతూనే ఉంటుంది కాబట్టి ఐదు నిమిషాలకోసారి బేస్ ఎక్స్‌పోజర్ సర్దుకోండి. సర్దడం సెట్‌కు సెట్‌కు మధ్యే. సెట్ మధ్యలో ఏదీ ముట్టుకోవద్దు.

ఇంటికి రాగానే ట్రైపాడ్ కాళ్లు మంచినీళ్లతో కడిగి, పూర్తిగా సాగదీసి ఆరబెట్టండి. ఉప్పు లోపలే ఉండిపోతే జాయింట్లు పట్టేస్తాయి.

6. కదిలేవాటితో ఏం చేయాలి?

ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య అల జరుగుతుంది, మనిషి నడుస్తాడు, కొబ్బరి మట్ట ఊగుతుంది. మూడూ కలిపితే ఒకే మనిషి మూడు చోట్ల మసకగా కనిపిస్తాడు. దీన్నే గోస్టింగ్ అంటారు.

అలల విషయంలో షట్టర్ స్పీడ్ తేడా వల్ల ఇంకో సమస్య ఉంది. 1/1000లో ప్రతి చుక్కా గడ్డకట్టినట్టు ఉంటుంది, 1/4లో నీరు పాలనురుగులా సాగుతుంది. ఈ రెండూ కలిస్తే ఏదీ కాకుండా పోతుంది. కాబట్టి నీళ్లన్నీ ఒకే ఫ్రేములోంచి రావాలి. మీకు నచ్చిన అల ఉన్న ఫ్రేము ఏదో తీసే చోటే గుర్తు పెట్టుకోండి. తర్వాత ఫొటోషాప్‌లోనో గింప్‌లోనో మెర్జ్ చేసిన ఫొటో మీద ఆ ఫ్రేమును పొరగా వేసి, మాస్క్‌తో (పొరలో కావాల్సిన భాగాన్నే చూపే సాధనం) నీటి భాగం మాత్రం బయటికి తేవాలి.

ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసిన పడవలు కూడా నిలకడగా ఉండవు, నీటితో పాటు లేస్తూ దిగుతూ ఉంటాయి. అక్కడ బ్రాకెటింగ్ కన్నా ఒక్క రా ఫైలు మేలు. మేఘాలు తెల్లబోకుండా కుడి గోడకు కొంచెం ముందు ఆగేలా ఎక్స్‌పోజ్ చేసి, నీడలను కంప్యూటర్‌లో ఎత్తండి.

ఒకే రా ఫైలును −2, 0, +2గా మూడు జేపెగ్‌లు చేసి, వాటిని కలిపితే హెచ్‌డీఆర్ అవుతుందని కొందరు నేర్పిస్తుంటారు. అందులో కొత్త వివరం ఏమీ చేరదు. అదే రా ఫైలు మీద షాడోస్, హైలైట్స్ స్లైడర్లు జరిపితే అంతకన్నా శుభ్రంగా వస్తుంది.

7. ట్రైపాడ్ లేనప్పుడు, ఫోన్ ఉన్నప్పుడు

చేత్తో తీయాలంటే నిదానపు ఫ్రేము కూడా వణక్కుండా రావాలి. 50 ఎంఎం లెన్స్ అయితే ఆ ఫ్రేము కనీసం 1/60 ఉండాలి. అందుకు ఐఎస్‌ఓ 400 దాకా పెంచినా తప్పులేదు. బరస్ట్ మోడ్ పెట్టి, గోడకో స్తంభానికో ఆనుకుని, ఊపిరి బిగబట్టి మూడూ ఒక్క నొక్కులో తీయండి.

ఫోన్లు చాలావరకు ఈ పని వాటంతట అవే చేసేస్తున్నాయి. బటన్ నొక్కగానే కొన్ని ఫ్రేములు తీసి కలిపేస్తాయి. మీరు చేయాల్సింది ఆకాశం మీద తాకి, వెలుగు గుర్తును కాస్త కిందికి జరపడం. పూర్తి అదుపు కావాలంటే ఆండ్రాయిడ్‌లో ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్ ఉంది. అందులో ఎక్స్‌పోజర్ బ్రాకెటింగ్ మోడ్ పెట్టి, వచ్చిన ఫొటోలను కంప్యూటర్‌లో కలుపుకోవచ్చు. కొన్ని ఫోన్లలో ఆ మోడ్ పనిచేయాలంటే యాప్ సెట్టింగుల్లో కెమెరా2 ఏపీఐ ఎంచుకోవాలి.

8. ఏ సాఫ్ట్‌వేర్?

కలిపే పద్ధతులు రెండు. మొదటిది, ఫ్రేములన్నిటినీ కలిపి ఎక్కువ వెలుగు పరిధి ఉన్న ఒక ఫైలు తయారు చేసి, దాన్ని తెర చూపించగల పరిధిలోకి కుదించడం. ఈ కుదింపే టోన్ మ్యాపింగ్. రెండోది, ప్రతి ఫ్రేములో బాగున్న భాగాలను ఏరి నేరుగా అతకడం. దీన్ని ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ అంటారు. మొదటిదాంట్లో అదుపు ఎక్కువ, చెడగొట్టుకునే అవకాశమూ ఎక్కువే. రెండోది సహజంగా వస్తుంది, స్లైడర్లు తక్కువ.

- లైట్‌రూమ్ క్లాసిక్: చందా కట్టాలి. మెర్జ్ ఫలితాన్ని డీఎన్‌జీగా ఇస్తుంది, అంటే రా ఫైలులాగే తర్వాత సర్దుకోవచ్చు. చందా భారం కాకపోతే దీనితోనే మొదలుపెట్టమంటాను.
- ఫొటోమాటిక్స్: టోన్ మ్యాపింగ్, ఫ్యూజన్ రెండూ ఉన్నాయి. ట్రయల్ వెర్షన్‌లో ఫొటో మీద వాటర్‌మార్క్ పడుతుంది, నేర్చుకోవడానికి అది అడ్డు కాదు.
- ల్యూమినెన్స్ హెచ్‌డీఆర్: పూర్తిగా ఉచితం. టోన్ మ్యాపింగ్ పద్ధతులు చాలా ఉంటాయి.
- డార్క్‌టేబుల్: ఇదీ ఉచితమే. రా ఫైళ్లను కలిపి డీఎన్‌జీ చేస్తుంది. ఫ్రేములను సరిపెట్టదు కాబట్టి ట్రైపాడ్ మీద తీసినవే ఇవ్వాలి.
- హ్యూగిన్, ఎన్‌ఫ్యూజ్: ఉచితం. ఫ్యూజన్‌కు మంచివి.

ముందుగా ఒకటే పట్టుకోండి. ఒకే సెట్‌ను ఐదు సాఫ్ట్‌వేర్లలో వేసి పోల్చడం మొదట్లో టెన్షన్ తప్ప ఏమీ ఇవ్వదు.

9. లైట్‌రూమ్‌లో మెర్జ్, ఆ తర్వాత సర్దుబాటు

సెట్‌లోని ఫ్రేములన్నీ ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి, ఫొటో మెర్జ్‌లో హెచ్‌డీఆర్ నొక్కండి. ఆటో అలైన్ టిక్ పెట్టండి. ఆటో సెట్టింగ్స్ టిక్ తీసేయండి, సర్దుబాటు మీ చేతిలో ఉండాలి. డీగోస్ట్ మొదట నన్‌లో ఉంచి చూడండి. మనుషులు, మట్టలు రెండుగా కనిపిస్తే లో, అప్పటికీ పోకపోతే మీడియం. అవసరం లేకుండా హై పెట్టొద్దు. డీగోస్ట్ చేసిన భాగాన్ని ఒకే ఫ్రేములోంచి తీసుకుంటుంది, అక్కడ నాయిస్ పెరుగుతుంది.

మెర్జ్ అయిన వెంటనే ఫొటో చప్పగా కనిపిస్తే కంగారు పడకండి. వివరమంతా లోపలే ఉంది. మామూలు ఫైలులో ఎక్స్‌పోజర్ స్లైడర్ 5 దాకా వెళితే ఇందులో 10 దాకా వెళుతుంది.

ఇక వరుస తప్పకండి:

- వైట్ బ్యాలెన్స్. సూర్యోదయపు పసుపు పోకూడదు. బూడిద రంగు చోట క్లిక్ చేసి ఆటోలో సరిచేస్తే ఉదయం కాస్తా మధ్యాహ్నమైపోతుంది.
- ఎక్స్‌పోజర్. మొత్తం ఫొటో ఎంత వెలుగులో ఉండాలో తేల్చండి.
- హైలైట్స్ కిందికి, షాడోస్ పైకి. −50, +40 దగ్గర ఆగి చూడండి. రెండూ 100కి తోసేస్తే కొండల అంచులు చెడతాయి.
- వైట్స్, బ్లాక్స్. ఆల్ట్ నొక్కి పట్టుకుని స్లైడర్ జరిపితే ఎక్కడ క్లిప్ అవుతోందో కనిపిస్తుంది. ఫొటోలో ఎక్కడో ఒకచోట నిజమైన నలుపు ఉండాలి.
- క్లారిటీ (మధ్యరకం వెలుగుల్లో అంచుల తేడా) 10, 15 దగ్గర చాలు.
- రంగులు చివర. శాచురేషన్ (అన్ని రంగుల గాఢత) ముట్టుకోకుండా వైబ్రెన్స్ (వెలిసిన రంగుల గాఢత) కొంచెం.
- ఆకాశంలో డస్ట్ మచ్చలు. హెచ్‌డీఆర్‌లో అవి రెట్టింపు స్పష్టంగా బయటపడతాయి. 100 శాతంలో ఒక మూల నుంచి ఇంకో మూలకు చూసుకుంటూ తీసేయండి.

కురుసుర ఫొటోలో ఉక్కు దేహం మీద ప్లేట్ల అతుకులు కనిపించాలి. కానీ ఆ దేహం వెనకున్న ఆకాశం కన్నా ముదురుగానే ఉండాలి. వెలుగు వస్తున్నది ఆకాశం నుంచి కదా. నీడలో ఉన్నది వెలుగుకన్నా తెల్లగా కనిపించిందంటే చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది. షాడోస్ స్లైడర్ ఎక్కడ ఆపాలో తేల్చేది ఇదే.

10. ఉచిత దారి: ల్యూమినెన్స్ హెచ్‌డీఆర్

కొత్త హెచ్‌డీఆర్ ఇమేజ్ తెరిచి, ఫ్రేములు ఇచ్చి, ఆటో అలైన్ ఎంచుకోండి. ఫైలు తయారయ్యాక పక్కన టోన్ మ్యాపింగ్ పద్ధతుల జాబితా వస్తుంది. కొత్తవాళ్లు రైన్‌హార్డ్ 02తో మొదలుపెట్టడం మంచిది, సహజంగా ఉంటుంది. స్థానిక వివరం ఇంకాస్త కావాలంటే మాంటియుక్ 06. ఫట్టాల్ చాలా నాటకీయంగా చేస్తుంది, మేఘాలు భయపెట్టేలా వస్తాయి. దాని జోలికి ఇప్పుడే వద్దు.

ముందు చిన్న సైజులో ప్రయత్నించి, నచ్చాకే పూర్తి సైజులో నడపండి. అయితే చిన్న సైజులో కనిపించినదానికి, పూర్తి సైజులో వచ్చేదానికి కొంత తేడా ఉండొచ్చు. ఫలితాన్ని 16 బిట్ టిఫ్‌గా సేవ్ చేసి గింప్‌లోనో డార్క్‌టేబుల్‌లోనో తుది మెరుగులు దిద్దండి.

11. తరచూ వచ్చే తప్పులు, వాటి మందు

కొండ చుట్టూ తెల్లటి అంచు: కైలాసగిరి, డాల్ఫిన్ నోస్ ఉన్న ఫొటోల్లో ఎక్కువగా కనిపిస్తుంది. క్లారిటీ, షాడోస్, లోకల్ కాంట్రాస్ట్ అతిగా పెట్టడం కారణం. వాటిని సగానికి తగ్గించండి. ఆకాశాన్ని విడిగా మాస్క్ చేసి ముదురు చేయండి.

బూడిద మేఘాలు: హైలైట్స్ మరీ కిందికి లాగారు. వైట్స్ కాస్త పెంచండి.

నీడల్లో గరుకు, రంగు చుక్కలు: వెలుగు ఫ్రేము చాలలేదు. దీనికి కంప్యూటర్‌లో పూర్తి మందు లేదు. మళ్లీ తీసేటప్పుడు ఇంకో 2 స్టాపుల ఫ్రేము చేర్చండి.

ఫొటో అంతా మసక: ఒక ఫ్రేము వణికింది. ఫ్రేములన్నీ 100 శాతంలో చూసి, వణికినది తీసేసి మళ్లీ కలపండి.

అతుకులు సరిపోలేదు: ఇసుకలో ట్రైపాడ్ కుంగింది, లేదా జూమ్ రింగు జరిగింది. ఆటో అలైన్ కొంతవరకు సరిచేస్తుంది. అంచులు కొద్దిగా కత్తిరించాల్సి రావచ్చు.

ఆకాశం ఊదా రంగులో, ఇసుక ఆకుపచ్చలో: జేపెగ్‌లు, ఆటో వైట్ బ్యాలెన్స్ కలిసి చేసిన పని. రా ఫైళ్లయితే అన్నిటికీ ఒకే విలువ ఇచ్చి మళ్లీ మెర్జ్ చేయండి.

అన్నీ సరిగ్గానే ఉన్నా ఫొటో చప్పగా ఉంది: నీడలన్నీ తుడిచేశారు. బ్లాక్స్ కిందికి దించండి. ఫొటో పక్కన మధ్య ఫ్రేమును పెట్టి పోల్చి చూడండి. మధ్య ఫ్రేమే బాగుందనిపిస్తే ఆ ఉదయానికి హెచ్‌డీఆర్ అవసరమే లేదు, ఒక్క ఫ్రేముతో ముగించండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. పూర్తయిన వెంటనే ఎక్కడా పెట్టకండి. గంటల తరబడి చూస్తే కళ్లు ఆ రంగులకు అలవాటు పడిపోతాయి. మర్నాడు పొద్దున చూస్తే ఎక్కడ ఎక్కువైందో వెంటనే తెలుస్తుంది. సాధారణంగా అన్నీ మూడో వంతు తగ్గించాల్సి వస్తుంది.

12. సేవ్ చేయడం

ఆన్‌లైన్‌కు ఎస్‌ఆర్‌జీబీలో (తెరలకు మామూలుగా వాడే రంగుల పద్ధతి) జేపెగ్, పొడవైన వైపు 2048 పిక్సెళ్లు. ఎస్‌ఆర్‌జీబీ కాకుండా వేరేది ఎంచుకుంటే కొన్ని ఫోన్లలో రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి.

ప్రింటుకు 300 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) లెక్కన 8×12 అంగుళాలకు 2400×3600 పిక్సెళ్లు కావాలి. కాగితం మీద నీడలు తెర మీదకన్నా ముదురుగా పడతాయి. పెద్ద ప్రింటు వేయించే ముందు స్టూడియోలో ఒక చిన్న ప్రింటు తీయించుకుని పగటి వెలుగులో చూడండి.

సెట్లను తేదీ, చోటు పేరుతో ఫోల్డర్లలో పెట్టుకోండి. మెర్జ్ అయ్యాక కూడా విడి ఫ్రేములు ఉంచుకోండి, చెయ్యి తిరిగాక అదే సెట్‌ను మళ్లీ కలిపితే ఇంకా బాగా వస్తుంది. డిస్క్‌లో చోటు చాలకపోతే ముందు చెరపాల్సినవి అరచేతి ఫొటోలు, వణికిన ఫ్రేములు, మబ్బు రోజున అనవసరంగా తీసిన బ్రాకెట్లు.